‘-హుడ్’, ‘-నెస్’, ‘-ఇంగ్’ ఎక్కడివి? మూల జర్మానిక్ ప్రత్యయాల పుట్టుక గురించి

అడిగిన ప్రశ్న సారాంశం ఇది: ఇంగ్లిష్, జర్మన్ భాషల్లోని ‘-హుడ్’, ‘-నెస్’, ‘-డమ్’, ‘-ఇంగ్’ వంటి ప్రత్యయాలకు మూల జర్మానిక్ భాషలో నక్షత్రం గుర్తు పెట్టిన రూపాలు నిఘంటువుల్లో కనిపిస్తాయి. ఆ నక్షత్రం గుర్తును నమ్మవచ్చా? అంతకు ముందు అవి ఎక్కడివి? సంస్కృతంలోని ‘-త’, ‘-త్వ’, ‘-తి’లతో వాటికి చుట్టరికం ఉందా? ‘కింగ్’ అంటే మన ‘జనకుడే’ అని ఎక్కడో చదివాను, నిజమేనా?

చుట్టరికం ఉంది, కానీ మీరు వెతుకుతున్న చోట లేదు. ఇవాళ ఇంగ్లిష్‌లో చురుగ్గా కొత్త మాటలు పుట్టిస్తున్న ప్రత్యయాల్లో చాలా వాటికి, సంస్కృతానికీ జర్మానిక్ భాషలకూ ఉమ్మడి తల్లి అయిన ఇండో-యూరోపియన్ మూలభాషలో ప్రత్యయాలుగా పూర్వీకులే లేరు. నిజంగా అక్కడి నుంచి దిగివచ్చినవి చాలావరకు అరిగి అరిగి పదం చివర ఒక్క హల్లుగా మిగిలాయి. వాటిని ప్రత్యయాలని ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లే గుర్తుపట్టరు. కాబట్టి పోలిక కోసం చూడాల్సింది బతికున్న ప్రత్యయాలను కాదు, చచ్చిపోయినవాటిని.

ముందు రాత గురించి ఒక మాట. ప్రాచీన రూపాల్లో ‘థ’ అని రాసిన చోట ఇంగ్లిష్ ‘థింక్’లో వినిపించే ధ్వని అనుకోండి. పదం చివర ‘జ్’ అంటే ‘జూ’లోని ధ్వని. ముక్కుతో పలికే చివరి అచ్చుకు మన అరసున్నే వాడుతున్నాను. నక్షత్రం ఉంటే ఆ రూపం ఎక్కడా రాతలో దొరకలేదనీ, పోల్చి కట్టిందనీ అర్థం.

మూల జర్మానిక్ భాష క్రీస్తుకు పూర్వం చివరి శతాబ్దాల్లో దక్షిణ స్కాండినేవియా, ఉత్తర జర్మనీ ప్రాంతాల్లో మాట్లాడిన భాష. దానిలో రాసిన గ్రంథం ఒక్కటీ లేదు. మన చేతిలో ఉన్నవి దాని సంతానం: నాలుగో శతాబ్దంలో బిషప్ వుల్ఫిల చేసిన బైబిల్ అనువాదంలోని గోతిక్, ఆ తర్వాతి ప్రాచీన నార్స్, ప్రాచీన ఇంగ్లిష్, ప్రాచీన సాక్సన్, ప్రాచీన హై జర్మన్, ఇంకా రూన్ అనే ప్రాచీన జర్మానిక్ లిపిలోని కొన్ని శాసనాలు. వీటికి తోడు ఒక విచిత్రమైన సాక్షి ఉంది: ఫిన్నిష్ భాష. అది జర్మానిక్ కుటుంబానికి చెందింది కాదు. కానీ చాలా ముందే ఇరుగుపొరుగు నుంచి మాటలు తీసుకుని, వాటిని ఇచ్చినవాళ్లకంటే జాగ్రత్తగా దాచింది. దాని సంగతి ‘కింగ్’ దగ్గర వస్తుంది.

ఇక మొదటి రకం, వారసత్వంగా వచ్చినవి. వీటిలో నాకు ఎప్పుడూ ఇష్టమైనది ‘-తి’. గమ్ నుంచి గతి, మన్ నుంచి మతి, భృ నుంచి భృతి: కృత్ప్రత్యయాల్లో, అంటే ధాతువు మీద చేరేవాటిలో, ఇంత సూటిగా పనిచేసేది ఇంకొకటి లేదు. జర్మానిక్‌లోనూ ఇదే ఉంది. జర్మనీలో ఏ రైల్వే స్టేషన్‌కు వెళ్లినా రెండు పసుపు, తెలుపు పట్టికలు కనిపిస్తాయి. రాకలకు ‘ఆన్‌కున్‌ఫ్ట్’, పోకలకు ‘ఆప్‌ఫార్ట్’. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు రోజూ చూసే మాటలే. రెండింటి చివరా ఉన్న ‘ట్’ ఈ ‘-తి’ మిగిల్చిన ఆనవాలు. అందులోనూ ‘కున్‌ఫ్ట్’ అక్షరాలా మన ‘గతి’కి జ్ఞాతి పదం, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన మాట. మూలభాషలో ‘గ్వ’తో మొదలైన ‘రావడం’ అనే ధాతువు జర్మానిక్‌లో ‘క్వ’గా మారింది. ధాతువులోని మకారం సంస్కృతంలో అచ్చుగా కరిగిపోయి ‘గ’ అయితే, జర్మానిక్‌లో ‘ఉమ్’గా నిలబడింది. మధ్యలో దూరిన ‘ఫ్’ జర్మన్ గడ్డ మీద ఉచ్చారణ సౌలభ్యం కోసం వచ్చింది. గోతిక్‌లో ఇదే మాటకు ముందు ‘గ’ అనే ఉపసర్గ చేరి ‘గక్వుమ్‌థ్స్’ అయింది. ఆ ఉపసర్గకు ‘కలిసి’ అని అర్థం, మొత్తం మాటకు సభ, సమావేశం అని అర్థం. సంస్కృతంలో ‘సంగతి’కి తొలి అర్థం కూడా కలిసి రావడమే. అటు గోతులు సభకు ఉంచుకున్న మాట, ఇటు మనం కబురుకు వాడుకుంటున్నాం.

ఈ ఒక్క ప్రత్యయమే జర్మానిక్‌లో మూడు ముఖాలతో కనిపిస్తుంది. అందుకే దాన్ని పోల్చుకోవడం కష్టం. ‘గక్వుమ్‌థ్స్’లో అది ‘థ’. ఇంగ్లిష్ ‘మైండ్’లో ‘ద’: ప్రాచీన ఇంగ్లిష్ ‘గెమ్యూంద్’, గోతిక్ ‘గముంద్స్’, రెండూ *ముందిజ్ అనే రూపానికి వెళతాయి, అది ‘మతి’కి సరిగ్గా ఎదురు నిలిచే పదం. ‘మైట్’లో, అంటే శక్తి అనే అర్థమున్న *మహ్తిజ్‌లో, అది ‘త’గానే ఉండిపోయింది. ఈ తేడాలు యాదృచ్ఛికం కాదు. మూలభాషలోని ‘త’ జర్మానిక్‌లో మామూలుగా ‘థ’ అవుతుంది. ముందు మరో ఊష్మ ధ్వని (స, హ లాంటిది) ఉంటే మారదు. ఇది భాషావేత్తలు రస్క్, గ్రిమ్ 1818, 1822 నాటికే చెప్పిన సూత్రం. మరి ‘ద’ ఎందుకొచ్చింది? దానికి జవాబు 1870లలో డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ ఇచ్చాడు. ఆ జవాబు వేద స్వరంలో దొరికింది.

వైదిక భాషలో ‘భ్రాతర్’లో ఉదాత్తం, అంటే ఎత్తి పలికే స్వరం, మొదటి అచ్చు మీద. ‘పితర్’లో రెండో అచ్చు మీద. గోతిక్‌లో మొదటిది ‘బ్రోథర్’, రెండోది ‘ఫదర్’, అంటే ‘ద’తో. ఉదాత్తం హల్లుకు ముందున్న అచ్చు మీద పడితే ‘థ’ అలాగే ఉంటుంది, లేకపోతే నాదం పుంజుకుని ‘ద’ అవుతుంది. వేదంలో ‘మతి’కి ఉదాత్తం చివర ఉంది, కాబట్టి ‘మైండ్’లో ‘ద’. జర్మానిక్ తర్వాత స్వరాన్ని ఎప్పుడూ పదాది మీదకే తెచ్చుకుంది. పాత ఉదాత్తం ఎక్కడుండేదో మాత్రం హల్లుల్లో గుర్తుండిపోయింది. ప్రత్యయాల చరిత్రలో ఇంతకంటే పదునైన పనిముట్టు లేదు. అందుకే దీన్ని ఇంత వివరంగా చెప్పాను, ముందుముందు మళ్లీ మళ్లీ కావాలి.

మీరు అడిగిన ‘-త’ సంగతి. నవ్యత, లఘుత, దీర్ఘత అని మనం వాడే తద్ధిత ప్రత్యయానికి (నామం, విశేషణం మీద చేరేదానికి) జర్మానిక్ రూపం *-ఇథో. విశేషణం మీద చేరి భావనామం చేస్తుంది, పని కూడా అదే. సంస్కృతంలో ‘-త’ చేరిన పదాలకు ఉదాత్తం ప్రత్యయానికి సరిగ్గా ముందున్న అక్షరం మీద ఉంటుంది. జర్మానిక్‌లో ‘ద’ కాకుండా ‘థ’ ఉండటం దానితో పొసగుతుంది. ‘లాంగ్’ నుంచి *లంగిథో, ‘స్ట్రాంగ్’ నుంచి *స్త్రంగిథో, ‘ఫౌల్’ నుంచి *ఫూలిథో. ఇవే ఇవాళ్టి ‘లెంత్’, ‘స్ట్రెంత్’, ‘ఫిల్త్’. స్కూల్లో పిల్లలు ‘లాంగ్’కు ‘లాంగ్త్’ కాకుండా ‘లెంత్’ ఎందుకని అడిగితే జవాబు ఇక్కడుంది: ప్రత్యయంలోని ‘ఇ’ తనకు ముందున్న అచ్చును తన వైపు లాక్కుంది, ఆ తర్వాత తాను మాయమైంది. గోతిక్‌లో మాత్రం ‘దియుపిథ’ (లోతు), ‘హౌహిథ’ (ఎత్తు) అని ‘ఇ’ ఇంకా కళ్లముందే ఉంది. ఈ ప్రత్యయం ఇప్పుడు ఇంగ్లిష్‌లో చచ్చిపోయింది. ‘బిగ్’కు దీన్ని తగిలించి చూడండి, ఎవరైనా నవ్వుతారు.

‘-త్వ’కు చుట్టాలు ఉన్నారా అంటే, గోతిక్‌లో ఉన్నారు, ఆపైన దాదాపు లేరు. గోతిక్‌లో ప్రేమకు మాట ‘ఫ్రియథ్వ’. చదవగానే ‘ప్రియత్వం’ గుర్తుకొస్తుంది. ఈసారి చెవి మోసం చేయలేదు. ధాతువు ఒకటే: మూలభాష ‘ప’కు జర్మానిక్‌లో ‘ఫ’. ప్రత్యయం కూడా ఒకే కుదురు. అయితే గోతిక్ మాట స్త్రీలింగం, సంస్కృతంలోది నపుంసకం. ఒకే పదం రెండు చోట్లకు వచ్చిందని కాకుండా, ఒకే సరంజామాతో రెండు చోట్లా విడివిడిగా కట్టారని అనుకోవడం భద్రం. బానిసత్వానికి గోతిక్ మాట ‘థివద్వ్’లోనూ ఇదే ప్రత్యయం, ఈసారి ‘ద’తో. సేవకుడు అనే మాట మీద కట్టింది.

ఇప్పుడు రెండో రకానికి, అసలు చిక్కుకు వద్దాం: ‘-హుడ్’, ‘-డమ్’, ‘-షిప్’. నిఘంటువుల్లో వీటిని *-హైదుజ్, *-దోమజ్, *-స్కపిజ్ అని ముందు గీత పెట్టి, ప్రత్యయాలన్నట్టుగా రాస్తారు. ఆ గీత మీద నాకు అభ్యంతరం ఉంది. గోతిక్‌లో ఈ మూడూ ప్రత్యయాలుగా కనిపించవు. ‘హైదుస్’ ఉంది, కానీ అది తన కాళ్ల మీద తాను నిలబడే నామవాచకం, రీతి, విధం అని అర్థం. ‘దోమ్స్’ ఉంది, అదీ మాటే. అంటే మూల జర్మానిక్‌లో ఇవి పదాలు, బహుశా సమాసంలో ఉత్తర పదాలు. ప్రత్యయాలుగా దిగజారడం పశ్చిమ (ఇంగ్లిష్, జర్మన్), ఉత్తర (నార్స్) శాఖల్లో ఆ తర్వాత జరిగిన కథ. నక్షత్రం గుర్తును నమ్మవచ్చా అని అడిగారు కదా: రూపాన్ని నమ్మండి, గీతను అనుమానించండి.

‘హైదుజ్’నే దగ్గరగా చూద్దాం. వెనక్కి నడిపిస్తే ‘హ’కు మూలం ‘క’. ‘ఐ’కి మూలం ‘ఒయ్’, అది సంస్కృతంలో ‘ఏ’ అవుతుంది. ‘ద’కు మూలం ‘త’, అదీ ఉదాత్తం దానికి ముందున్న అచ్చు మీద లేకపోతేనే. ఉకారం ఉకారమే. అంటే సంస్కృతంలో ‘కేతు’ ఉండాలి, ఉదాత్తం చివర ఉండాలి. వేదంలో సరిగ్గా అలాగే ఉంది. ‘కేతు’ అంటే అక్కడ వెలుగు, గుర్తు, జెండా. కంటికి ఆనే గుర్తు అనే అర్థం నుంచి రూపం, ఆ తర్వాత తీరు, ఆపైన హోదా: అర్థం ఈ దారిలో నడిచింది. ప్రాచీన ఇంగ్లిష్‌లో ‘హాద్’ అంటే హోదా, వ్యక్తి. క్రైస్తవ త్రిత్వంలోని ముగ్గురు వ్యక్తులను చెప్పడానికి కూడా ఆ మాటే వాడేవారు. ‘చిల్ద్‌హాద్’ అంటే పిల్లవాడి హోదా. క్రమంగా ఒంటరి మాట వాడుక నుంచి తప్పుకుంది, సమాసంలో చిక్కుకున్నది మాత్రం బతికింది. కాబట్టి ‘చైల్డ్‌హుడ్’ చివర ఉన్నదీ, మన పంచాంగంలో రాహువు పక్కన కూర్చున్నదీ ఒకే మాట. అయినా ‘-హుడ్’కు సంస్కృతంలో సమానమైన ప్రత్యయం ఉందా అంటే లేదు. మాటకు చుట్టం ఉంది, ప్రత్యయానికి లేదు. మీ ప్రశ్నలో కలిసిపోయిన ఈ రెంటినీ విడదీసుకుంటే సగం గందరగోళం పోతుంది.

‘-డమ్’ కూడా అదే తీరు. *దోమజ్ అంటే తీర్పు, అక్షరార్థంలో ‘పెట్టబడింది, నిర్ణయించబడింది’. ధాతువు సంస్కృత ‘ధా’. విధి, విధానం, ధామం అన్నీ ఆ ఇంటివే. ఇంగ్లిష్‌లో ఒంటరి మాట ‘డూమ్’గా మిగిలింది. అంత్యదిన తీర్పు పుణ్యమా అని దానికి వినాశనం అనే అర్థం అంటుకుంది, ‘కింగ్‌డమ్’లోని దానికి ఆ దోషం తగల్లేదు. ‘-షిప్’, జర్మన్ ‘-షాఫ్ట్’లు రూపమివ్వడం అనే అర్థం ఉన్న *స్కప్ ధాతువు నుంచి వచ్చాయి. ‘షేప్’ అన్న మాటా దానిదే.

‘-లీ’ మాత్రం వీటికంటే ముందే ప్రయాణం మొదలుపెట్టింది. *లీకఁ అంటే శరీరం, ఆకారం. జర్మన్‌లో శవానికి ఇప్పటికీ ‘లైహ’ అంటారు. గోతిక్‌లోనే ‘గలైక్స్’ (ఒకే ఆకారం గలది, అంటే పోలినది), ‘హ్విలైక్స్’ (ఎలాంటి), ‘లియుబలైక్స్’ (ప్రేమింపదగిన) అని ఒక వరస ఉంది. ‘గలైక్స్’కు ఇంగ్లిష్ బంధువు ‘లైక్’, జర్మన్ బంధువు ‘గ్లైహ్’. ‘హ్విలైక్స్’ బంధువు ‘విచ్’. వరస తూర్పు శాఖ అయిన గోతిక్‌తో సహా మూడు శాఖల్లోనూ ఉంది కాబట్టి దీన్ని మూల జర్మానిక్‌లోనే సగం ప్రత్యయంగా లెక్కించడం న్యాయం. ‘-లెస్’ విషయంలో ఒక హెచ్చరిక: అది తక్కువ అనే అర్థమున్న ‘లెస్’ కాదు. *లౌసజ్, అంటే విడివడినది, లేనిది. ‘లూజ్’కు చుట్టం.

ఇక మూడో రకం. నా దృష్టిలో అన్నిటికంటే సరదా అయినది ఇదే: తప్పుగా కోయడం వల్ల పుట్టిన ప్రత్యయాలు. ‘-నెస్’ను తీసుకోండి. గోతిక్‌లో రాజుకు ‘థియుదన్స్’, రాజ్యం చేయడానికి ‘థియుదనోన్’, రాజ్యానికి ‘థియుదినస్సుస్’. చివరి మాటలో నకారం ప్రత్యయానిది కాదు, ధాతువు తరఫుది. ప్రత్యయం ‘-అస్సుస్’ మాత్రమే. సాక్ష్యం కావాలంటే ‘ఉఫరస్సుస్’ చూడండి: ‘ఉఫర్’ అంటే పైన, మొత్తానికి సమృద్ధి. అక్కడ నకారం జాడే లేదు. కానీ నకారంతో ముగిసే క్రియలు ఎక్కువ కావడంతో వినేవాళ్లు కోత ఒక అక్షరం ముందుకు జరిపారు. పశ్చిమ శాఖకు వచ్చేసరికి నకారం శాశ్వతంగా ప్రత్యయం సొత్తయింది. ఇంగ్లిష్ ‘-నెస్’, జర్మన్ ‘-నిస్’ అలా పుట్టాయి. పోనీ ఆ ‘-అస్సుస్’ ఎక్కడిది? ‘-అత్‌యన్’ అనే క్రియా ప్రత్యయం మీద మూలభాషకు చెందిన ‘-తు’ చేరింది. హేతు, తంతు, జంతు పదాల చివర ఉన్న ‘-తు’యే. రెండు తకారాలు ఢీకొంటే జర్మానిక్‌లో ‘స్స’ అవుతుంది. అంటే ‘-నెస్’లో ఉన్నవన్నీ అరువు సరుకులే: నకారం పక్క పదానిది, సకారం రెండు ప్రత్యయాల రాపిడిది. అయినా ఇవాళ ఇంగ్లిష్‌లో ఏ విశేషణానికైనా కళ్లు మూసుకుని తగిలించగల ప్రత్యయం అదే. కులీనమైన ‘-త’ వారసుడు అంతరించి, ఈ అతుకుల బొంత గద్దెనెక్కింది.

‘డార్లింగ్’, ‘డక్లింగ్’లలోని ‘-లింగ్’ కథ కూడా ఇదే. *అథిలింగజ్, అంటే ఉన్నత కులంలో పుట్టినవాడు, ‘అథిల్’ మీద ‘-ఇంగ్’ చేరింది. లకారం మొదటి భాగానిది. దాన్ని ప్రత్యయానికి కట్టబెట్టేశారు.

ఇంతకీ ఆ ‘-ఇంగ్’ ఏమిటి? *-ఇంగజ్, *-ఉంగజ్ అనే జంట రూపాలు మూల జర్మానిక్‌కు నిస్సందేహంగా చెందినవే. అర్థం: ఫలానా దానికి, వంశానికి చెందినవాడు. మన వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే అపత్యార్థక ప్రత్యయం, రఘువు నుంచి రాఘవుడు వచ్చినట్టు. ప్రాచీన ఇంగ్లిష్ వంశావళుల్లో ‘అథెల్వుల్ఫింగ్’ అంటే అథెల్వుల్ఫ్ కొడుకు. ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్, రెడింగ్ ఊళ్ల పేర్లు ఒకప్పటి మనుషుల గుంపుల పేర్లు. మెరోవింజియన్ వంశం పేరులోనూ, నార్స్ గాథల ‘వోల్సుంగ్’లోనూ ఇదే ప్రత్యయం. దీని పుట్టుక గురించి ఎక్కువమంది ఒప్పుకునే మాట ఏమిటంటే, నకారాంత పదాల మీద ‘-క’ ప్రత్యయం చేరినప్పుడు ఆ నకారం కూడా ప్రత్యయంలో కలిసిపోయింది. మళ్లీ అదే తప్పు కోత, ఈసారి ఇంకా ముందు కాలంలో. ‘యంగ్’ అనే మాటలో ఇది ఇంకా కనిపిస్తుంది: లాటిన్‌లో ‘యువెంకుస్’, వేదంలో ‘యువశ’, జర్మానిక్‌లో *యుంగజ్. మూడింటికీ పునాది ‘యువన్’. వేదంలో ‘యువశ’కు ఉదాత్తం చివర, అందుకే జర్మానిక్‌లో ‘హ’ కాకుండా ‘గ’. వెర్నర్ ఇక్కడ కూడా పనికొచ్చాడు.

ఇప్పుడు ‘కింగ్’. *కున్యఁ అంటే వంశం, కులం. ఇంగ్లిష్ ‘కిన్’. దాని మీద *-ఇంగజ్ చేరి *కునింగజ్, కులం గలవాడు, మంచి వంశానికి చెందినవాడు. ఫిన్నిష్‌లో రాజుకు ఇవాళ్టికీ ‘కునింగస్’ అంటారు. చివరి ‘అస్’తో సహా! ఇంగ్లిష్ ఒక్క అచ్చుకు కుదించిన మాటను, జర్మన్ ‘క్యోనిగ్’గా నలగ్గొట్టిన మాటను, ఫిన్నిష్ దాదాపు పురావస్తువులా భద్రపరిచింది. నక్షత్రం రూపాలను ఊహలని తీసిపారేసేవాళ్లకు నేను చూపించేది దీన్నే. ఎడమ పక్కన మనం కాగితం మీద కట్టిన *కునింగజ్, కుడి పక్కన హెల్సింకీలో జనం పలుకుతున్న ‘కునింగస్’. లిథువేనియన్ ఇదే మాటను తీసుకుని ‘కునిగస్’ అని పూజారికి పెట్టుకుంది. రష్యన్ ‘క్న్యాజ్’ అని ప్రభువుకు పెట్టుకుంది.

‘జనకుడు’తో సంబంధం సగమే నిజం. ‘కున్యఁ’లోని ధాతువు, సంస్కృత ‘జన్’ ధాతువు ఒకటే, సందేహం లేదు. కానీ ‘జనక’ అంటే పుట్టించినవాడు, కృదంతం. ‘కునింగజ్’ ఒక నామం మీద కట్టిన తద్ధితం, అర్థం వంశానికి చెందినవాడు. ఒకరు కుటుంబానికి మొదలు, మరొకరు కుటుంబంలో సభ్యుడు. 19వ శతాబ్దంలో పెద్ద పండితులే ఈ రెంటినీ ఒక్కటి చేశారు కాబట్టి అంతర్జాలంలో తిరుగుతున్నవాళ్లను తప్పుపట్టలేం. ఇకనైనా మానవచ్చు.

‘లెర్నింగ్’ వంటి క్రియానామాల్లోని ‘-ఇంగ్’ దీనికే స్త్రీలింగ సోదరి, *-ఉంగో, *-ఇంగో. జర్మన్ ‘-ఉంగ్’ ఇదే. ‘ఆమె పాడుతూ ఉంది’ అన్నప్పుడు ‘సింగింగ్’లో వచ్చే ‘-ఇంగ్’ మాత్రం మొదట ఇది కాదు. అక్కడ ఉండాల్సింది ‘-ఎండ్’, అంటే సంస్కృతంలో ‘చేస్తున్న’ అనే అర్థాన్నిచ్చే శతృ ప్రత్యయానికి, ‘భరంత్’ చివర ఉన్న ‘-అంత్’కు జ్ఞాతి. గోతిక్‌లో ‘బైరంద్స్’. మధ్యయుగ ఇంగ్లిష్‌లో రెండూ కలగలిసి ‘-ఇంగ్’ గెలిచింది. ఓడిపోయిన శతృ ప్రత్యయం ఇంగ్లిష్‌లో రెండు మాటల్లో తలదాచుకుంది: ‘ఫ్రెండ్’ అంటే ప్రేమిస్తున్నవాడు, ‘ఫీండ్’ అంటే ద్వేషిస్తున్నవాడు. ‘ఫ్రెండ్’లోని ధాతువు ఇందాకటి ‘ఫ్రియథ్వ’లోదే.

నాలుగోది అరువు. ‘టీచర్’, ‘బేకర్’లలోని ‘-ఎర్’ జర్మానిక్ సొంతం కాదంటే చాలామంది నమ్మరు. అది లాటిన్ ‘-ఆరియుస్’. గోతిక్‌లో ‘బోకారైస్’ (శాస్త్రి, లేఖకుడు), ‘లైసారైస్’ (బోధకుడు), ‘మోతారైస్’ (పన్ను వసూలు చేసేవాడు) కనిపిస్తాయి. రోమన్ సామ్రాజ్యపు సరిహద్దులో రాత, పన్ను, కొలువు ఏ దిక్కు నుంచి వచ్చాయో, ఆ పనులు చేసేవాళ్లను చెప్పే ప్రత్యయమూ ఆ దిక్కు నుంచే వచ్చింది. మనకిది కొత్త కాదు. పారసీకం నుంచి తహశీల్దారు, జమీందారు వచ్చారు. ఆ తర్వాత ‘-దారు’ను విడదీసి సంస్కృత పదానికి కట్టి ‘లబ్ధిదారు’ అని మనమే చేసుకున్నాం. ప్రత్యయం అరువు రావడమంటే ఇదే: ముందు పదాలు వస్తాయి, వాటి తోక తెగి స్థానిక పదాలకు అంటుకుంటుంది.

అంతకు ముందు జర్మానిక్‌లో కర్తను చెప్పడానికి నకారాంత పదాలు చాలేవి. ప్రాచీన ఇంగ్లిష్‌లో వేటగాడు ‘హుంత’, నేతగాడు ‘వెబ్బ’. నేసే స్త్రీకి ‘-ఎస్త్రె’ చేర్చి ‘వెబ్బెస్త్రె’. ఇంగ్లిష్ ఇంటిపేర్లలో ఈ పొరలన్నీ పక్కపక్కనే ఉన్నాయి: వెబ్ పాత జర్మానిక్ పద్ధతి, వెబ్స్టర్ స్త్రీవాచకం నుంచి వచ్చింది, వెబర్ లాటిన్ తోక తగిలించుకున్నది. ముగ్గురూ సాలెవారే.

మిగతా వారసత్వ ప్రత్యయాలను త్వరగా చెప్పేస్తాను. ‘గోల్డెన్’లోని ‘-ఎన్’ *-ఈనజ్, ప్రాచీన, కులీన పదాల్లోని ‘-ఈన’కు చుట్టం. ‘మైటీ’లోని ‘-ఈ’ *-ఈగజ్, ‘-క’ ప్రత్యయ కుటుంబానిది. వుల్ఫిల పేరులోని ‘-ఇల’ లఘ్వర్థకం, పేరుకు అర్థం చిన్న తోడేలు. పాత్ర, నేత్ర, వస్త్రాల్లోని ‘-త్ర’ జర్మానిక్‌లో *-థ్రఁ. గోతిక్ ‘మౌర్థ్ర్’, ఇంగ్లిష్ ‘మర్డర్’ చూడండి: ‘మృత్యువు’లోని ధాతువుకు ‘నేత్రం’లోని ప్రత్యయం తగిలిస్తే హత్య అయింది.

ఇంతవరకు చెప్పినవన్నీ నామాలు, విశేషణాలు. మీరు అడగకపోయినా క్రియల్లో ఒకదాన్ని వదలలేను, ఎందుకంటే సంస్కృతంతో పోలిక అన్నిటికంటే నిక్కచ్చిగా తేలేది అక్కడే. ప్రేరణార్థకానికి సంస్కృతంలో ‘-అయ’: సద్ అంటే కూర్చోవడం, సాదయతి అంటే కూర్చోబెట్టడం. జర్మానిక్‌లో అదే *-యనఁ. ‘సిట్’కు ఎదురుగా ‘సెట్’: గోతిక్‌లో ‘సితన్’, ‘సత్‌యన్’. ‘ఫాల్’కు ‘ఫెల్’, ‘డ్రింక్’కు ‘డ్రెంచ్’, ‘లై’కు ‘లే’. ఇంగ్లిష్ వ్యాకరణ పుస్తకాలు వీటిని ‘కలవరపెట్టే జంటలు’గా బట్టీ పట్టిస్తాయి కానీ, ఇవి చేయు, చేయించు లాంటి సాదా జంటలు, ప్రత్యయం మాత్రం రాలిపోయింది. ‘సెట్’లో, ‘ఫెల్’లో, ‘డ్రెంచ్’లో అచ్చు మారడానికి కారణం రాలిపోయిన ఆ యకారమే, ‘లెంత్’లో ఇకారం చేసిన పనే చేసింది.

ఇక్కడ ఉదాత్తం కూడా దొరుకుతుంది. సంస్కృత ప్రేరణార్థకంలో ఉదాత్తం ధాతువు మీద కాదు, ‘-అయ’లోని మొదటి అచ్చు మీద. ఆ లెక్కన జర్మానిక్‌లో ధాతువు చివరి హల్లు నాదం పుంజుకోవాలి. లేవడానికి ప్రాచీన ఇంగ్లిష్‌లో ‘రీసన్’, ఇవాళ్టి ‘రైజ్’. దాని ప్రేరణార్థకం *రైజియనఁ, సకారం ‘జ్’ అయింది, ఆ ‘జ్’ పశ్చిమ శాఖలో ‘ర’ అయి ప్రాచీన ఇంగ్లిష్‌లో ‘రారన్’గా నిలిచింది. అది ఇవాళ్టి ‘రియర్’, పిల్లలను పెంచడానికి వాడేది. నార్స్ భాష మాత్రం మూలక్రియను చూసి సకారాన్ని వెనక్కి తెచ్చుకుని ‘రైస’ అంది. వైకింగుల వెంట ఆ మాట కూడా ఇంగ్లండ్ చేరి ‘రెయిజ్’ అయింది. ఒకే ధాతువు, ఒకే ప్రత్యయం, ఒకే అర్థం. ఇంగ్లిష్ రెండింటినీ ఉంచుకుంది.